మారిపోతున్న ఊరిని పెద్ద చార్‌కోల్ బొమ్మగా వెయ్యాలంటే

మా వీధినీ, వెనకున్న గుట్టనీ గోడంత చార్‌కోల్ బొమ్మగా వెయ్యాలనుంది, కానీ సగం వేసేసరికే అక్కడ ఇంకోటి లేచిపోతోంది, ఏం చెయ్యను, ఏ కాగితం వాడను అని అడిగారు. హైదరాబాద్ పడమటి వైపు, ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ చుట్టుపక్కల నేను చాలా ఏళ్ళుగా చేస్తున్న పని ఇదే కాబట్టి నా అనుభవం చెప్తాను.

బొమ్మ పూర్తయ్యేదాకా ఊరు ఆగదండీ. అక్కడ మారినదాన్ని మారినట్టే అదే కాగితం మీద వేసుకుంటూ పోండి. ఈ పనికి చార్‌కోల్‌ని మించింది లేదని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే విల్లో చార్‌కోల్‌తో, అంటే విల్లో చెట్టు పుల్లల్ని కాల్చి చేసిన మెత్తటి బొగ్గుతో, గీసింది మెత్తటి షామీ తోలుతో తుడిస్తే చాలావరకు పోతుంది గానీ పూర్తిగా పోదు, బూడిదరంగు జాడ ఒకటి ఉండిపోతుంది, దాని మీద కొత్తది గీసినా పాతది అడుగున కనిపిస్తూనే ఉంటుంది. దక్షిణాఫ్రికాలో చిత్రకారుడు విలియం కెంట్రిడ్జ్ 1989 నుంచి జొహానెస్‌బర్గ్ మీద ఇలాగే గీస్తూ, చెరుపుతూ, ఒక్కో మార్పునీ కెమెరాతో తీసి యానిమేషన్ సినిమాలు చేశారు. చెరిపిన మరకల్ని ఆయన దాచరు, అవే ఆ బొమ్మలకి ప్రాణం. తప్పకుండా చూడండి.

నా సంగతికొస్తే, ఒక గుట్టని కాగితం మీదకి మొత్తం ఎక్కించాక దాన్ని ఓ పక్క నుంచి కొట్టడం మొదలుపెట్టారు. మన రాయి దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్, పైభాగం ఎండకీ వానకీ నల్లగా చారలు కట్టి ఉంటుంది. కోసిన చోట మాత్రం లోపలి రాయి తెల్లగా, పచ్చి గాయంలా బయటపడింది, దాని మీద డ్రిల్లు దిగిన చోటల్లా నిలువుగా, వరసగా, సగానికి చీల్చిన గొట్టాల్లాంటి గాళ్ళు. ఆ గాళ్ళని నేను చార్‌కోల్‌తో గీయలేదు, నల్లగా పూసిన చోట రబ్బరుతో తెల్లగా లాగాను. తర్వాత సెల్లార్ గొయ్యి, ఇనప ఊచలు, టవర్ క్రేన్. ఇప్పుడు ఆ కాగితం మీద అపార్ట్‌మెంట్ ఉంది, దాని కిటికీల వెనక గుట్ట అంచు ఇంకా తెలుస్తోంది. కొత్త కాగితం తీసుకుని ఉంటే ఇది వచ్చేది కాదు.

ఫోన్ ఫోటోలు చూసి మాత్రం వెయ్యకండి. వైడ్ లెన్స్‌లో గుట్ట పొట్టిదైపోతుంది, బిల్డింగులు పక్కకి వాలతాయి. చిన్న స్కెచ్‌బుక్ పట్టుకుని అక్కడికి వెళ్ళి నిలబడండి, టీ కొట్టాయన్ని కదిపితే అక్కడ ముందు ఏముండేదో వివరంగా చెప్తాడు. ఇంకోమాట, పాతదంతా బంగారం, కొత్తదంతా చెత్త అన్నట్టు వెయ్యకండి. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచి ఈ వైపు లేచిన ప్రతి అంతస్తూ ఎవరో మోస్తే లేచిందే. ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చి రేకుల షెడ్లలో ఉండే ఆ మనుషులు కూడా మీ బొమ్మలో ఉండాలి.

ఇక సామాను. ఒకటిన్నర మీటరు వెడల్పు రోల్ కాగితం, 200 జీఎస్ఎంకి (అంటే చదరపు మీటరు కాగితం 200 గ్రాముల బరువు) తగ్గకుండా, కొంచెం గరుకుగా ఉన్నది తీసుకోండి. నున్నటి కాగితం పొడిని పట్టుకోదు. కంప్రెస్డ్ చార్‌కోల్‌లో జిగురు ఉంటుంది, సరిగ్గా చెరగదు, కాబట్టి ఇక మారదు అని తేలిన నలుపులకే దాన్ని వాడండి. కాగితాన్ని గోడకి నిలువుగా కట్టి పైనుంచి కిందకి రండి, లేదంటే పైన గీసిన పొడి కింద పూర్తయిన భాగం మీద రాలి చంపుతుంది. పొడిని నోటితో ఊదొద్దు, ఫ్యాన్ కట్టెయ్యండి, మాస్క్ తప్పనిసరి. వానాకాలంలో కాగితం చెమ్మ పీల్చి అలలు అలలుగా లేస్తుంది, ఆ రోజుల్లో పెద్దది ముట్టుకోకుండా స్కెచ్‌లు చేసుకోవడం మేలు.

ఫిక్సేటివ్, అంటే పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే, కొడితే ఆ తర్వాత చెరపడం కష్టం, అందుకే చివరిదాకా కొట్టకండి. కొట్టినప్పుడు కూడా కిటికీలు తెరిచి, అడుగు దూరం నుంచి పల్చగా రెండు మూడు పొరలు చాలు. ఖర్చు తగ్గుతుందని హెయిర్ స్ప్రే వాడమంటారు కొందరు, అది రానురాను పచ్చబడుతుంది, వద్దు. ఫ్రేమ్ కట్టించేటప్పుడు బరువు తగ్గుతుందని అక్రిలిక్ షీట్ వేస్తామంటారు, ఒప్పుకోకండి. మామూలు అక్రిలిక్‌లో పుట్టే స్టాటిక్ కరెంటు పొడిని కాగితం మీంచి లాగేస్తుంది. అద్దమే వేయించండి, అదీ కాగితానికి తగలకుండా మధ్యలో మౌంట్ (బొమ్మ చుట్టూ వచ్చే దళసరి అట్ట అంచు) పెట్టించి.