డెత్ సర్టిఫికెట్‌లో గుండెపోటు అని ఉంటే డీఐసీ పరిహారం రాదా?

ప్రశ్న: మావారు అమెరికా ఆర్మీలో చేశారు, అఫ్గానిస్థాన్ కూడా వెళ్ళొచ్చారు. పీటీఎస్‌డీకి (యుద్ధం లాంటి భయంకర అనుభవాల తర్వాత మిగిలే మానసిక జబ్బు) వీఏ (మాజీ సైనికుల వ్యవహారాలు చూసే అమెరికా ప్రభుత్వ శాఖ) 50 శాతం వైకల్య రేటింగ్ ఇచ్చింది. కిందటేడు గుండెపోటుతో పోయారు. నాలుగు నెలల్లోనే డీఐసీకి (సర్వీసు వల్ల వచ్చిన జబ్బుతో పోయినవాళ్ళ కుటుంబానికి వీఏ నెలనెలా ఇచ్చే పరిహారం) అప్లై చేస్తే, గుండెజబ్బు సర్వీసు వల్ల వచ్చింది కాదని డినై చేశారు. లెటర్ వచ్చి ఏడు నెలలైంది. ఇక వదిలేయడమేనా?

జవాబు: వదిలేయకండమ్మా. ముందు ఆ లెటర్ మీద తేదీ చూడండి, ఆ రోజు నుంచి ఏడాది లోపు మళ్ళీ ఫైల్ చేస్తే మీ పాత క్లెయిమ్ తేదీ పోదు, మీరు ఆయన చనిపోయాక ఏడాది లోపే అప్లై చేశారు కాబట్టి గెలిస్తే ఆయన చనిపోయిన నెల ఒకటో తారీకు నుంచి లెక్కగట్టి ఇవ్వాలి.

ఇక అసలు సంగతి. గుండెజబ్బు సర్వీసులో మొదలైందా అని మాత్రమే చూసి వదిలేసినట్టున్నారు, చట్టం అక్కడితో ఆగదు. వీఏ నిబంధనల్లోని 3.312 రూల్ ప్రకారం సర్వీస్ కనెక్టెడ్ (సర్వీసు వల్ల వచ్చిందని వీఏ ఒప్పుకున్న) జబ్బే ప్రాణం తీసి ఉండక్కర్లేదు, చావుకి గట్టిగా దోహదపడినా చాలు. ఏదో కాస్త చెయ్యి ఉందంటే మాత్రం కుదరదు. మీవారి పీటీఎస్‌డీని వీఏ ఆయన బతికుండగానే ఒప్పుకుంది కాబట్టి మీరు చూపించాల్సింది పీటీఎస్‌డీకీ ఆ గుండెకీ మధ్య లింకు ఒక్కటే.

ఆ లింకు డాక్టర్ రాయాలి. చాలా కేసులు పోయేది ఇక్కడే, "సంబంధం ఉండొచ్చు" అని రెండు లైన్లు రాసిస్తారు, దానికి వీఏ దగ్గర విలువుండదు. ఆయన రికార్డులన్నీ చదివి, ఏళ్ళ తరబడి నిద్ర లేకపోవడం, బీపీ, తాగుడు, వాడిన మందులు, వీటిలో ఆయనకి ఏవి ఉన్నాయో అవి గుండెని ఎలా దెబ్బతీశాయో కారణాలతో రాసి, దోహదపడే అవకాశం కనీసం సగానికి సగం ఉందని తేల్చి చెప్పాలి. అంతకన్నా ఎక్కువ నిరూపించక్కర్లేదు, సాక్ష్యం రెండు వైపులా సమానంగా తూగితే ఆ డౌటు మీకే అనుకూలంగా తీసుకోవాలని చట్టంలోనే ఉంది. ఆయన రాత్రిళ్ళు ఎలా ఉండేవారో మీరు కళ్ళారా చూసింది కూడా స్టేట్‌మెంట్‌గా రాసివ్వండి, అదీ సాక్ష్యమే. డెత్ సర్టిఫికెట్‌లో పీటీఎస్‌డీ లేదని భయపడొద్దు, దాని మీద సంతకం పెట్టిన డాక్టర్‌కి ఆయన హిస్టరీ తెలియకపోయి ఉండొచ్చు.

దారులు మూడున్నాయి. హయ్యర్ లెవెల్ రివ్యూలో (పై అధికారి మళ్ళీ చూడటం) కొత్త కాగితం ఏదీ తీసుకోరు, అందుకని మీకు అది వద్దు. డాక్టర్ రాసిచ్చే కొత్త ఒపీనియన్‌తో సప్లిమెంటల్ క్లెయిమ్ (కొత్త సాక్ష్యం జతచేసి మళ్ళీ వేసే క్లెయిమ్) వేయండి, ఫారం 20-0995. అక్కడా కాదంటే వెటరన్స్ అప్పీళ్ళ బోర్డుకి వెళ్ళొచ్చు, బోర్డూ కాదంటే 120 రోజుల్లో వెటరన్స్ కోర్టుకి.

సర్వీసులో విషపదార్థాల బారిన పడ్డవాళ్ళ కోసం తెచ్చిన 2022 పాక్ట్ యాక్ట్ వల్ల బీపీ ఆటోమేటిక్‌గా కవర్ అవుతుందని చాలామంది అనుకుంటున్నారు, అది వియత్నాం యుద్ధంలో చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే రసాయనం బారిన పడ్డవాళ్ళకి, అఫ్గానిస్థాన్ వాళ్ళకి కాదు. కానీ ఆయనకి సీఓపీడీ లాంటి ఊపిరితిత్తుల జబ్బు ఉండుంటే వెంటనే చెప్పండి, అఫ్గానిస్థాన్‌లో చేసినవాళ్ళకి అది సర్వీసు వల్లే వచ్చిందని వీఏ అనుకోవాలి, అప్పుడు కేసు ఇంకో దారి పడుతుంది.

ఈ వారమే ఆయన క్లెయిమ్స్ ఫైల్ కాపీకి రిక్వెస్ట్ పెట్టండి, వీఎస్ఓ (మాజీ సైనికులకి, వాళ్ళ కుటుంబాలకి సాయపడే సంస్థలు) వాళ్ళు ఫ్రీగా సాయం చేస్తారు. అందులో వీఏ తీసుకున్న మెడికల్ ఒపీనియన్ ఉంటే, ఆ డాక్టర్ పీటీఎస్‌డీ ఊసెత్తాడో లేదో చూడండి, ఎత్తకపోతే మీ డాక్టర్ రాయాల్సింది సరిగ్గా దాని గురించే.