స్టెంట్ పడ్డాక, యాభైకి దగ్గరపడ్డాక మారథాన్, లాంగ్ సైక్లింగ్ లాంటివి మొదలుపెట్టొచ్చా?

మీకు 47 ఏళ్లు, ఏడాది కిందట గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు, షుగర్ కూడా ఉంది, ఇప్పుడు పరుగు గానీ సైకిల్ గానీ సీరియస్‌గా మొదలుపెట్టొచ్చా అని అడిగారు. నాది దాదాపు ఇదే కథ. 46లో గుండెపోటు, రెండు స్టెంట్లు, షుగర్ అంతకుముందు నుంచే ఉంది. ఇప్పుడు 53. బ్రెవేలు, అంటే 200, 300 కిలోమీటర్ల సైకిల్ రైడ్లు చేస్తుంటాను. మొదలుపెట్టొచ్చు. అయితే షూస్ కొనే ముందు మళ్లీ ఒకసారి కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్లండి.

అక్కడ "ఎక్సర్‌సైజ్ చేయొచ్చా సార్?" అని అడిగితే "వాకింగ్ చేసుకోండి" అని పంపించేస్తారు. నా డిశ్చార్జి కాగితంలో కూడా నూనె తగ్గించండి, రోజూ నడవండి అన్న రెండు ముక్కలే ఉన్నాయి. అందుకే నేను ప్రశ్న మార్చి అడిగాను. 2డి ఎకోలో (గుండె స్కానింగులో) ఈఎఫ్, అంటే గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు ఎంత శాతం రక్తాన్ని బయటికి నెడుతోందన్న లెక్క, ఎంత ఉంది? స్టెంట్ వేయని రక్తనాళాల్లో బ్లాకులు ఏమైనా మిగిలాయా? టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ చేసే గుండె పరీక్ష, పెడితే ఎంత హార్ట్ రేట్ దాకా ఈసీజీ మారకుండా ఉంది? నేను పెద్ద దూరాలు తొక్కాలనుకుంటున్నానని కూడా దాచకుండా చెప్పాను. ఆయన కాసేపు నా మొహం చూసి, ఒక హార్ట్ రేట్ నంబరు రాసిచ్చి, ఇది దాటొద్దన్నారు. మీ నంబరు మీ డాక్టరే చెప్పాలి, నాది మీకు పనికిరాదు. మీ ఊళ్లో కార్డియాక్ రిహాబ్, అంటే గుండె రోగులకు దగ్గరుండి వ్యాయామం చేయించే చోటు, ఉంటే మాత్రం వదలకండి. ఈసీజీ చూస్తూ ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తుంటే సగం భయం అక్కడే పోతుంది.

220లో నుంచి వయసు తీసేసి గరిష్ఠ హార్ట్ రేట్ లెక్కేసే పద్ధతి మీరు ఎక్కడో చదివే ఉంటారు. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ వాడేవాళ్లకు ఆ లెక్క కుదరదు. మందే గుండె వేగాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి, వాచీ "ఈజీ" అని చూపిస్తున్నా ఒంటికి అది ఈజీ కాకపోవచ్చు. మాట్లాడటానికి ఊపిరి ఆడాలి, పాట పాడటానికి ఆడకూడదు. చాలాకాలం నేను నమ్ముకున్న కొలత ఇదే. (నా పాట ఎలాగూ ఎవరూ వినరు.)

అసలు కష్టం ఇక్కడే ఉందండి. నడివయసులో మొదలుపెట్టేవాళ్లకు కాళ్లకంటే ముందు అహం నొప్పి పుడుతుంది. పొద్దున్నే కాలేజీ పిల్లలు సర్రున దాటేసి పోతుంటే, వాళ్ల వెంట పడకుండా మన పాటికి మనం వెళ్లడం నాకు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చిన విద్య. బ్రెవే నాకు నచ్చింది అందుకే. అందులో ర్యాంకులు లేవు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కి 20 గంటలు టైమ్ ఇస్తారు. గంటకు 20 చొప్పున తొక్కినా 200 పది గంటల్లో అయిపోతుంది. మిగతా మూడున్నర గంటలు టిఫిన్‌కి, టీకి, పంక్చర్‌కి. తొందరపడేవాడికి అక్కడ ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు, మనలాంటివాళ్లకు అంతకంటే ఏం కావాలి?

పరుగు వద్దని చెప్పను. కానీ మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. దానికి తోడు హైదరాబాద్ మారథాన్ జరిగేది ఆగస్టు ఉక్కపోతలో, ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ. మొదటి గురిగా అది నాకు సబబనిపించదు. 10కె, అంటే పది కిలోమీటర్ల పరుగు పెట్టుకోండి. సైకిల్‌తో ఉన్న చిక్కు పడిపోవడం. గుండెపోటు తర్వాత సాధారణంగా ఏడాది పాటు ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ గానీ టికాగ్రెలార్ గానీ ఇస్తారు. ఇవి రక్తం గడ్డకట్టకుండా చూసే మందులు కాబట్టి, ఆ సమయంలో తలకు చిన్న దెబ్బ తగిలినా తేలిగ్గా తీసుకోకూడదు. హైదరాబాద్‌లో ఉంటే ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మంచిది. పైన సోలార్ పలకల నీడ ఉంటుంది, పక్కనే లారీలు రాసుకుంటూ పోవు. హెల్మెట్ మాత్రం అక్కడ కూడా తీయొద్దు.

షుగర్ గురించి. గ్లిమిపిరైడ్ రకం మాత్రలో, ఇన్సులినో వాడుతుంటే లాంగ్ రైడ్‌లో షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. రైడ్ ఉన్న రోజు డోసు ఎలా మార్చాలో డాక్టర్‌ని ముందే అడగండి, సొంతంగా మాత్ర మానేయొద్దు. నా జేబులో ఎప్పుడూ గ్లూకోజ్ పొడి, పల్లీ చిక్కీ ఉంటాయి. పొద్దున రాగిజావ, దారిలో ఇడ్లీ, ఉప్పేసిన మజ్జిగ. రైడర్లు దారిలో తీసుకునే ఎనర్జీ జెల్స్ నాకు పడలేదు. ఇంకో సంగతి, షుగర్ ఉన్నవాళ్లకు గుండె నొప్పి నొప్పిలా తెలియకపోవచ్చు. దవడ లాగడం, ఎప్పుడూ లేని ఆయాసం, కారణం లేకుండా చెమట, కడుపులో తిప్పడం లాంటివి కనిపిస్తే అక్కడికక్కడే ఆపి 108కి ఫోన్ చేయండి. గ్యాస్ అనుకుని ఇంకో పది కిలోమీటర్లు తొక్కేయొద్దు.

ఇంట్లోవాళ్ల సంగతి. "గుండె జబ్బు మనిషివి, నీడపట్టున కూర్చోక ఎందుకురా ఈ తిప్పలు" అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. బంధువులు జిమ్ ఫిక్స్ కథ పంపిస్తారు. అమెరికాలో జాగింగ్‌ను ఊరూరా పాకించిన ఆయనే 1984లో పరుగు తీస్తూ 52 ఏళ్లకు పోయాడు. నిజమే. ఆయన తండ్రి 43 ఏళ్లకే గుండె జబ్బుతో పోయాడన్నది, పోస్ట్‌మార్టంలో ఆయన రక్తనాళాలు బాగా మూసుకుపోయి కనిపించాయన్నది కూడా నిజమే. దానికి పదకొండేళ్ల ముందే, 1973లో, టొరంటో డాక్టర్ టెరెన్స్ కవానా దగ్గర శిక్షణ తీసుకున్న ఏడుగురు గుండె రోగులు బోస్టన్ మారథాన్ పూర్తిచేశారు. వాళ్ల గుండె ఎంత తట్టుకుంటుందో పరీక్షించి, కొలిచి, మెల్లగా దూరం పెంచాడాయన. మా ఆవిడకు ఈ రెండో కథ చెప్పాకే సైకిల్ బయటికి వచ్చింది. అదీ లైవ్ లొకేషన్ ఆన్‌లో ఉంచుతానన్న ఒప్పందం మీద.

ఇంత తొక్కుతున్నాం కదా, ఇక మాత్రలు దేనికి అన్న ఆలోచన మీకూ వస్తుంది. నాకు ఇప్పటికీ పగలు ఆస్పిరిన్, రాత్రి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ ఉన్నాయి.

ఇక సైకిల్. అప్పుడే కార్బన్ బైక్ జోలికి వెళ్లకండి. గేర్లున్న మామూలు హైబ్రిడ్ మీదే నా మొదటి 200 అయింది. టీఎంటీ రిపోర్టు వచ్చాక, వాడుతున్న మందుల పేర్లతో సహా ఇక్కడ రాయండి. అప్పుడు వారానికి ఎంత దూరంతో మొదలుపెట్టొచ్చో చూద్దాం, డాక్టర్ ఇచ్చిన నంబరు లోపలే.