గాలి దన్నుతో ఒడ్డుకు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఒడ్డుకు చేర్చే ల్యాండింగ్ పడవలు ఉండగా అమెరికా నౌకాదళానికి ఎల్‌సీఏసీ హోవర్‌క్రాఫ్ట్‌లు (కింద గాలి దిండు మీద తేలుతూ నీటి మీదా, నేల మీదా నడిచే వాహనాలు) ఎందుకు?

జవాబు: మామూలు ల్యాండింగ్ పడవకు తగిన లోతు, వాలు ఉన్న ఒడ్డే కావాలి. అలాంటివి ప్రపంచ తీరాల్లో దాదాపు 15 శాతమేనని, ఎల్‌సీఏసీ అయితే 70 శాతానికి పైగా తీరాల్లో దిగగలదని ఆ నౌకాదళం లెక్క. ఇది నీళ్ల అంచున ఆగదు. బురద, ఇసుక దాటి లోపలికి వెళ్లి, గట్టి నేల మీద ట్యాంకును దించుతుంది. బరువుతోనూ 40 నాట్ల వేగం, అంటే గంటకు 74 కిలోమీటర్లు. అందుకే వీటిని మోసుకొచ్చే తల్లి ఓడ ఒడ్డుకు కనబడనంత దూరంలో ఉండిపోవచ్చు. వర్జీనియాలోని 4వ, కాలిఫోర్నియాలోని 5వ అసాల్ట్ క్రాఫ్ట్ యూనిట్లు వీటిని నడుపుతాయి. ఒక్కోదానికి సిబ్బంది అయిదుగురు.

ప్రశ్న: ఎంత బరువు మోస్తుంది? ఎక్కువ ఎక్కిస్తే ఏమవుతుంది?

జవాబు: మామూలుగా 60 టన్నులు, తప్పనిసరైతే 75. ఒక అబ్రామ్స్ ట్యాంకు ఎక్కిందంటే ఇంకేమీ పట్టదు. నాలుగు గ్యాస్ టర్బైన్ల శక్తి కొంత పైకి లేపడానికి, కొంత ముందుకు తోయడానికి పోతుంది. ఎండ తీవ్రంగా ఉన్నరోజు గాలి పలచబడి టర్బైన్ల శక్తి తగ్గుతుంది కాబట్టి బరువూ తగ్గించాలి. ఇది కాగితం మీది ప్రణాళికల్లో తరచూ మరిచిపోయే సంగతి.

మొత్తం ఎంతన్నదాని కన్నా బరువు ఎక్కడ నిలిచిందన్నది ప్రమాదకరం. ట్యాంకు కాస్త ముందుకు జరిగితే ముక్కు వంగి, ముందువైపు రబ్బరు స్కర్ట్ (కింది గాలిని పట్టి ఉంచే అంచు) నీటిని ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడికి స్కర్ట్ లోపలికి ముడుచుకుని, గాలి ఒత్తిడి పోయి, ముక్కు నీళ్లలో దిగబడుతుంది. అప్పుడు తోపుడు శక్తి తగ్గించాలి, లేపే ఫ్యాన్లను మాత్రం తగ్గించకూడదు. కంగారుపడి పక్కకు తిప్పితే బోల్తా పడే ప్రమాదం ఉంది. లోడ్‌మాస్టర్ (బరువు ఎక్కించే బాధ్యుడు) వాహనాల స్థానాన్ని కొలిచి మరీ నిలబెట్టి, గొలుసులతో బిగించేది ఇందుకే.

ప్రశ్న: తొలి దాడిలో ఇవే ముందుంటాయా?

జవాబు: ఉండకూడదు. అల్యూమినియం ఒళ్లు, బయటికి కనబడే ప్రొపెల్లర్లు, చెవులు గింగుర్లెత్తే మోత. ఒడ్డు మీది తుపాకులను ముందు అణచివేశాకే ఇవి రావాలి. రష్యా హోవర్‌క్రాఫ్ట్ జుబ్ర్‌కు సొంత ఆయుధాలున్నాయి, మూడు ట్యాంకులూ పడతాయి. కానీ 550 టన్నులకు పైబడిన ఆ భారీకాయం పెద్ద గురి కూడా.

ప్రశ్న: నిర్వహణలో ఎక్కువ తలనొప్పి దేనితో?

జవాబు: ఉప్పు, ఇసుక. తాను లేపిన తుంపరనే తాను పీల్చుకుంటుంది. ఉప్పు టర్బైన్‌లో గాలిని నొక్కే కంప్రెసర్ రెక్కల మీద పేరుకుంటే శక్తి పడిపోతుంది, ఇసుక రెక్కలను అరగదీస్తుంది. తిరిగొచ్చాక మంచినీళ్లతో కడగడం తప్పనిసరి. స్కర్ట్ కింది వేళ్లలాంటి ముక్కలు అరిగితే, చినిగితే విడివిడిగా మార్చుకోవచ్చు.