మార్లీనా షా పాటలు కొత్తగా వినేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ అమెరికన్ గాయనిని చాలామంది 1969 నాటి ‘కాలిఫోర్నియా సోల్’ దగ్గరే వదిలేస్తారు. పాట బాగుంటుంది, కాదనను. కానీ ఆవిడ నోటి దురుసు తెలియాలంటే 1977 ఆల్బమ్ ‘స్వీట్ బిగినింగ్స్’లో ‘యు-మా / గో అవే లిటిల్ బాయ్’ వినాలి. పల్లవి ఎత్తుకునే ముందు మగాడి నిర్వాకం మీద చాలాసేపు మాటలే. అవి కోసేసిన వెర్షన్లూ తిరుగుతుంటాయి. పేరులో ‘యు-మా’ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే సగం మజా పోయినట్టే.

ఫ్రెంచ్ సంగీతకారుడు సాంజెర్మాఁ పాట ‘రోజ్ రూజ్’లో పదేపదే వచ్చే ఆవిడ గొంతు కోసమైతే ‘వుమన్ ఆఫ్ ద గెటో’ 1969 స్టూడియో రికార్డు పెట్టుకోవద్దు. ఆ ముక్క 1973లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రూలో ఆవిడ పాడిన కచేరీది. డిస్కో కావాలా? 1979 నాటి ‘టచ్ మీ ఇన్ ద మార్నింగ్’.