పాత డైరెక్టరీల్లో పూర్వీకుల జాడ

ప్రశ్న: ఇంగ్లండ్ పాత డైరెక్టరీలు, అంటే ఊళ్లోని వారి పేర్లను, వీధులను, వృత్తులను జాబితాలుగా అచ్చేసిన పుస్తకాలు, ఆన్‌లైన్‌లో ఎక్కడ దొరుకుతాయి? జనగణనలో కనిపించిన మనిషే అయినా, దొరికిన ఒకటి రెండు పుస్తకాల్లో పేరు కొట్టి వెతికితే ఏమీ రావడం లేదు. ఎందుకని?

జవాబు: ఇంగ్లండ్, వేల్స్ డైరెక్టరీలు లెస్టర్ విశ్వవిద్యాలయం ప్రత్యేక సేకరణల సైట్‌లో ఉన్నాయి, 1760ల నుంచి 1910ల దాకా. స్కాట్లండ్‌వి అక్కడి జాతీయ గ్రంథాలయం పెట్టింది: 1773–1911 మధ్యవి, 700కు పైనే. రెండూ ఉచితమే.

చిక్కంతా పేరుతోనే. డైరెక్టరీలో ఇంటిపేరు ముందుంటుంది. ‘స్మిత్ జాన్’ అని అచ్చయిన చోట ‘జాన్ స్మిత్’ అని కొటేషన్లలో పెట్టి వెతికితే దొరకదు. పైగా చోటు ఆదా కోసం పేర్లను కుదించేవారు. విలియంకు డబ్ల్యు, ఎం రెండక్షరాలే. జాన్‌కు జె, ఎన్, ఓ. కాబట్టి ఇంటిపేరుకు వీధి పేరో వృత్తో జోడించి వెతకండి.

పాత అచ్చును కంప్యూటర్ చదివే తీరు కూడా అంతంత మాత్రమే. 1800కు ముందటి అచ్చులో పదం మధ్య ఎస్ పొడుగ్గా, ఎఫ్‌లా ఉండేది. మేసన్ కాస్తా ‘మేఫన్’ అయిపోతాడు. అలాగే వెతికి చూడండి, నవ్వొచ్చినా సరే. కాలమ్‌ల పేజీల్లో పక్క వరసలు కలిసిపోవడం మరో తంటా.

అప్పటికీ రాకపోతే పుస్తకం తిరగేయడమే మేలు. పేర్లు అకారాది క్రమంలో ఉంటాయి. అయితే ముందున్న ప్రకటనల వల్ల అచ్చు పేజీ నంబరు, తెర మీది నంబరు ఒకటి కావు. ఏదో ఒక పేజీ తెరిచి ఆ తేడా ఎంతో చూసుకుని, కావలసిన పేజీకి కలుపుకోండి. ఆలస్యంగా అందిన సవరణలను కొన్ని పుస్తకాల్లో విడి పేజీలో వేశారు. అదీ చూడండి.

ప్రశ్న: 1884 సంచికలో ఉన్న వ్యక్తి 1888లో లేడు. పోయినట్టేనా?

జవాబు: అప్పుడే అలా అనుకోకండి. 1888 సంచికలో వీధుల విభాగం తీసి, ఆ ఇంటి నంబరు దగ్గర ఎవరున్నారో చూడండి. అదే ఇంటిపేరుతో ‘మిసెస్’ అని ఉంటే భర్త మరణించి ఉండవచ్చు. అప్పుడు మరణాల రిజిస్టర్ సూచికలో ఆ నడిమి ఏళ్లు వెతకండి. ఇంగ్లండ్, వేల్స్‌లో ఆ సూచిక 1837 జులై నుంచి ఉంది. సంచిక మీది సంవత్సరాన్ని గట్టిగా పట్టుకోవద్దు. వివరాలు అచ్చుకు కొన్ని నెలల ముందే సేకరించేవారు, కాబట్టి ఓ ఏడాది వెనక నుంచే మొదలుపెట్టండి.

ఆ నంబరులో ఎవరో కొత్తవాళ్లుంటే ఇరుగుపొరుగు పేర్లు కూడా పోల్చండి. పాత పొరుగువారు అదే వరసలో ఉండి నంబర్లు మాత్రం మారితే, వీధికి కొత్త నంబర్లు వేశారన్నమాట. మనిషి అక్కడే ఉండి ఉంటాడు. వరసలోనూ లేకపోతే వృత్తుల విభాగం చూడండి, వేరే వీధికి మారి ఉండవచ్చు. అక్కడా లేకపోతే కొడుకు ఇంటికి చేరాడేమో. డైరెక్టరీలో ఇంటి యజమానులకు, వ్యాపారులకే చోటు. ఒకరింట్లో ఉండేవారు, పనివారు సాధారణంగా కనిపించరు.