సందేహాలు – సమాధానాలు: చెల్లని పెళ్లి, రద్దయిన పెళ్లి, విడాకులు

సందేహం: మా చెల్లెలి కూతురికి, ఆమె భర్తకు పొసగకపోవడంతో ఇరువైపుల పెద్దలు మారతహళ్లిలో కూర్చుని స్టాంపు కాగితం మీద ఒప్పందం రాయించారు. అందులో ‘ఈ ఒప్పందముతో ఉభయుల వివాహము రద్దయినది’ అని ఉంది. ఈ వాక్యం సరైనదేనా? చెల్లని వివాహం, రద్దయిన వివాహం, విడాకులు ఒకటేనా? (ఒక పాఠకురాలు, బెంగళూరు)

సమాధానం: వ్యాకరణం ప్రకారం ఆ వాక్యంలో దోషం లేదు. కానీ జరగని పని జరిగిపోయినట్టు అది చెబుతోంది. ‘రద్దయినది’ అనే అకర్మక క్రియ వాడటం వల్ల, రద్దు చేసింది ఎవరన్న ప్రశ్న ఆ కాగితంలో ఎక్కడా తలెత్తదు. ‘రద్దు చేసినది’ అని రాయబోయి ఉంటే కర్త కోసం వెతుక్కోవలసి వచ్చేది, అప్పుడు అక్కడ కోర్టు తప్ప మరో పేరు నిలవదని రాసేవారికే తెలిసేది. హిందూ వివాహ చట్టం, 1955 కింద జరిగిన పెళ్లి దంపతుల సంతకాలతోనో, నోటరీ ముద్రతోనో రద్దు కాదు. కులాచారం ప్రకారం విడిపోయే పద్ధతిని ఆ చట్టంలోని 29వ సెక్షన్ కాపాడింది గాని, అటువంటి ఆచారం తమలో ఉందని చెప్పేవారే దాన్ని రుజువు చేయాలి.

ఇక మీరడిగిన మాటలు ఒకటి కావు. ‘చెల్లదు’ అన్న రూపంలో కాలభేదం లేదు. నిన్నా చెల్లదు, నేడూ చెల్లదు, రేపూ చెల్లదు. హిందూ వివాహ చట్టం 11వ సెక్షన్ చెప్పే పెళ్లిళ్లకు ఈ మాట అచ్చంగా సరిపోతుంది. భార్యో భర్తో బతికి ఉండి, ఆ వివాహం నిలిచి ఉండగా చేసుకున్న రెండో పెళ్లి, నిషిద్ధ బంధుత్వంలో చేసుకున్న పెళ్లి, సపిండుల (కొన్ని తరాల లోపు ఒకే పూర్వీకులున్న దగ్గరి రక్తసంబంధీకుల) మధ్య జరిగిన పెళ్లి మొదటి నుంచీ చెల్లవు. బంధుత్వం విషయంలో ఆచారానికి మినహాయింపు ఉంది కనుకనే, చట్టం లెక్కన నిషిద్ధమైనా, ఆచారం ఉన్న మన ఇళ్లలో మేనరికాలు చెల్లుతున్నాయి. ఇటువంటి చోట ‘వివాహం చెల్లకుండా పోయింది’ అనడం పొరపాటు, ఎందుకంటే ఒకప్పుడు చెల్లిందన్న అర్థం అందులో దాగి ఉంది.

12వ సెక్షన్ సంగతి వేరు. నపుంసకత్వం వల్ల సంసారం జరగకపోవడం, మానసిక స్థితి వల్ల సరైన సమ్మతి ఇవ్వలేకపోవడం, బలవంతం చేసో మోసగించో సమ్మతి తీసుకోవడం, పెళ్లినాటికే వధువు మరొకరి వల్ల గర్భవతి కావడం అనే కారణాలున్న పెళ్లి, బాధితులు కోర్టుకు వెళ్లి డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) తెచ్చుకునేదాకా చెల్లుతూనే ఉంటుంది. దానికి ‘రద్దు చేయదగిన వివాహం’ అనాలి. ‘దగిన’ చేర్చకపోతే అర్థమే మారిపోతుంది. గడువు కూడా ఉంది: మోసం తెలిసిన నాటి నుంచి, లేదా బలవంతం తొలగిన నాటి నుంచి ఏడాదిలోపు పిటిషన్ వేయాలి. మోసం తెలిశాక కూడా ఇష్టపూర్వకంగా కాపురం చేస్తే ఆ కారణం నిలవదు. డిక్రీ వచ్చాకే ‘రద్దయింది’ అనాలి.

విడాకులు సక్రమమైన పెళ్లికే. చెల్లని పెళ్లికి ‘విడాకులు తీసుకున్నారు’ అని రాయడం, ముడి పడనిచోట ముడి విప్పామనడమే. కోర్టు డిక్రీతో దంపతులు వేరుగా ఉండటానికి న్యాయిక వేర్పాటు అన్నది మాట. అందులో వివాహబంధం తెగదు. బెంగళూరులో ఉన్నవారికి కన్నడ కాగితాల్లో ‘అసింధు’ (చెల్లనిది), ‘విచ్ఛేదన’ (విడాకులు) కనిపిస్తుంటాయి. కన్నడంలో అవి సరైన మాటలే గాని, తెలుగులో ‘అసింధు’ ఎవరికీ బోధపడదు.

మీ ఇంటి కాగితం గురించి వినగానే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరో మాట; అది మీ కాగితంలోనూ ఉందేమో చూడండి. ఇటువంటి పత్రాల్లో ‘పరస్పర అంగీకారముతో వేరుగా ఉండుటకు’ అని అలవాటుగా రాసేస్తారు. భార్య మనోవర్తి (భరణం) గురించి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (క్రిమినల్ ప్రక్రియా చట్టం) 144వ సెక్షన్, దంపతులు పరస్పర అంగీకారంతో వేరుగా ఉంటే ఆ సెక్షన్ కింద ఆమెకు మనోవర్తి రాదంటుంది. గౌరవంగా ఉంటుందని వేసిన ఆ మాట అమ్మాయికి అడ్డుగోడ కావచ్చు. కొట్టడం వల్లనో వెళ్లగొట్టడం వల్లనో ఆమె వేరుగా ఉంటుంటే కారణాన్ని ఉన్నదున్నట్టు రాయాలి.

‘భవిష్యత్తులో భరణం కోరను’ అన్న వాక్యం కూడా రాసుకున్నంత మాత్రాన కట్టుబడదు. కర్ణాటక నుంచి వెళ్లిన ఒక కేసులో 8,000 రూపాయలు తీసుకుని ఇక ఏమీ అడగనని రాజీపడిన భార్య, 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద మళ్లీ దావా వేయవచ్చని, అడగనన్న ఆ షరతు ప్రజాహితానికి విరుద్ధమని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. నగలు, సామాను ఎవరికి అప్పగించారన్న వివరాలకు మాత్రం ఆ కాగితం సాక్ష్యంగా పనికిరావచ్చు.

కనుక ఆ కాగితంలో ‘వివాహము రద్దయినది’ అన్నది తీసేయించండి. ఇద్దరూ నిజంగా విడిపోదలచుకుంటే ‘హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకార విడాకులకు ఉమ్మడిగా పిటిషన్ వేయదలచినాము’ అని రాయడమే సత్యం. దానికి కనీసం ఏడాదిగా వేరుగా ఉండి ఉండాలి, డిక్రీ వచ్చేదాకా ఇద్దరి అంగీకారమూ నిలవాలి. అప్పటిదాకా ఆమె ‘మాజీ భార్య’ కాదు. ఆ కాగితాన్ని నమ్మి ఎవరైనా మరో పెళ్లి చేసుకుంటే, ఆ రెండో పెళ్లికే ‘చెల్లదు’ అన్న మాట వర్తిస్తుంది.