చిట్టీ, అద్దె అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదువు

చిట్టీ,

విశాఖ డాబాగార్డెన్స్‌లో డీటీపీ షాపు, అదే కంప్యూటర్‌లో టైపు చేసి పేజీలు కట్టి అచ్చుకిచ్చే షాపు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గర్వంగానే ఉందమ్మా, భయంగానూ ఉంది. జనం ఫోన్‌లో మాట్లాడితే తెలుగు దానంతటదే టైపవుతున్న రోజులివి. పేజీకి ఇంతని టైపింగ్ డబ్బులు లెక్కేసుకుని దిగావేమోనని నా బెంగ. టైపింగ్ మీద షాపు నడవదు. తప్పులు దిద్దడం, పేజీ పొందిగ్గా కట్టడం, ప్రెస్సు వాళ్లు తిప్పి పంపని ఫైలు ఇవ్వడం, ఇప్పుడు డబ్బులు వీటికే.

కంప్యూటర్‌కి 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, మంచి యూపీఎస్ చాలు. కార్డు చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కత్తిరింపులో పోయే అదనపు అంచు వదులు. ఫొటోలు అచ్చయ్యే సైజులో 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు ఉండాలి. ప్రెస్సులో ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు ప్లేటు ఉంటుంది, నల్ల అక్షరాలు ఒక్క నలుపు ప్లేటులోనే పెట్టు. నాలుగు రంగుల్లో పెడితే ప్లేటు కాస్త జరిగినా అక్షరం అంచు మసకబారుతుంది. వాట్సాప్‌లో ఫొటోని డాక్యుమెంటుగా పంపమను, లేకపోతే కుదించుకుపోతుంది.

ఇక అసలు సంగతి. పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరు, అను అనే పాత తెలుగు ఫాంట్ల కాలంలో మా తరం ఆపరేటర్లందరం ఒకే తప్పు చేశాం. తెరమీద చక్కటి తెలుగు కనిపించేది కాబట్టి ఫైల్లోనూ తెలుగే ఉందనుకున్నాం. లేదు. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తలకట్టు ఒకచోట, ఒత్తు ఒకచోట ముక్కలుగా పెట్టారు. ఫాంటు తీసేస్తే మిగిలేది పిచ్చి గుర్తులే. అందుకే ఆనాటి పుస్తకాలు, కరపత్రాలు ఇవాళ ఫోన్‌లో తెరుచుకోవు, వెతికితే దొరకవు.

ప్రతి భాషలోని అక్షరాలకీ ఒక్కో సంఖ్య ఇచ్చే పద్ధతే యూనికోడ్. అది 1991లో మొదటి కూర్పులోనే తెలుగుకి 128 స్థానాలు ఇచ్చింది. అందులో ‘క్ష’ అంటే క, పొల్లు, ష, వరసగా మూడు సంఖ్యలు. కలిపి చూపించడం ఫాంటూ సాఫ్ట్‌వేరూ చూసుకుంటాయి. సాఫ్ట్‌వేర్‌కి ఆ పని రాకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. పేజీలు కట్టే ఇన్‌డిజైన్‌లో అలా అయితే ఫాంటుని తిట్టకు, పేరాగ్రాఫ్ సెట్టింగులో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టు. మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లతోనే బోలెడు పని అవుతుంది.

అను ఫాంట్ల పాత ఫైలు తెచ్చేవాళ్లూ వస్తారు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేసి అలాగే ఇచ్చేయకు. మధ్యలో ఇంగ్లీషు మాటలుంటే అవీ తెలుగనుకుని మార్చేస్తుంది. ఒత్తులు, అంకెలు, ఇంటిపేర్లు అసలు కాగితం పక్కన పెట్టుకుని వేలు పెట్టి చదువు. ఏఐతో దిద్దించినా అంతే, అది తనకు తెలిసిన పేరుగా మార్చేస్తుంది. శుభలేఖలో పెళ్లికొడుకు తాతగారి పేరు తప్పు పడితే ఆ ఇంట్లో ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. ఎంత తొందరున్నా ప్రూఫు మీద సంతకం పెట్టించుకో, మొహమాటపడకు.

ప్రెస్సుకి పంపేటప్పుడు కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేరులో అక్షరాలు కర్వ్స్ చేస్తావు కదా, అంటే అక్షరాలు వట్టి గీతల బొమ్మలైపోతాయి. ఆ ఫైలుకి వేరే పేరు పెట్టు. అసలు దాని మీదే సేవ్ చేశావంటే ముహూర్తం మారినప్పుడు ఒక్క అంకె కూడా దిద్దలేవు, మొత్తం మళ్లీ కొట్టుకోవాలి.

బ్యాకప్ షాపులోనే దాచుకుంటే బ్యాకప్ కాదమ్మా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిందని మర్చిపోకు, అప్పుడు నువ్వు చిన్నపిల్లవి. షాపులో ఒక కాపీ, ఎక్స్‌టర్నల్ డిస్కులో ఒకటి మీ ఇంట్లో, ఒకటి క్లౌడ్‌లో ఉండాలి. నెలకోసారి ఏదో ఒక ఫైలు తెరిచి చూడు. తెరిచి చూడని కాపీని నమ్మకు. సముద్రపు ఉప్పుగాలికి పోర్టులు తుప్పు పడతాయి, కిటికీ పక్కన సిస్టమ్ పెట్టకు.

నా పాత సీడీలు డబ్బాలో ఉన్నాయి, నీకే ఇస్తాను. కొత్త కంప్యూటర్లకి సీడీ డ్రైవ్ ఉండదు, యూఎస్‌బీ డ్రైవ్ ఒకటి కొనుక్కుని ఆదివారం రా. అత్తయ్య నీకోసం పులిహోర చేస్తానంది.

మావయ్య